రెండో నాబ్

లెక్చరర్‌గారికి కారు నడపడం రాదు. అందుచేత కారు ఎలా నడపాలో ఆయనకు సంపూర్ణంగా తెలుసు.

కాలేజీలో తర్కశాస్త్రం బోధించి రిటైరైన ఆ మహానుభావులు, భార్య స్టీరింగ్ పట్టిన నాటి నుంచి పక్కసీటును తమ పీఠంగా స్వీకరించారు. క్లాసుగదిలో స్థిరపడిన ఆయన కంఠం, ఇంట్లో కొన్నేళ్లుగా ఉన్న అవసరంకొద్దీ ఇంకా పెరిగి, అద్దాలు బిగించుకున్నా వీధివీధంతా వినిపించేది. బ్రేకు, హారను, గేరు, ఎదురొచ్చే లారీ, రాని లారీ, ఏదీ ఆ ఉపన్యాసం నుంచి తప్పించుకోలేదు.

ఆ ఉపన్యాసం సాగుతుండగానే కారు ఒకనాడు గేటు స్తంభాన్ని ఒరుసుకుంది. మరోనాడు పక్కింటివారి బంపరుకు సాష్టాంగపడింది.

లెక్చరర్‌గారు తీర్పు చెప్పారు. ఆదివారం అమ్మాయి ఇంటికి వెళ్లేటప్పుడు మరొక్క గీత పడిందా, కారు అమ్మేయడమే.

ఆవిడ ముఖం చిన్నబోయింది. నడివయసు దాటాక, నలుగురూ నవ్వుతున్నా పంతం పట్టి నేర్చుకున్న విద్య అది. పైగా ఆ ఇంట్లో ఆవిడ మాట వినే వస్తువు ఆ కారొక్కటే.

"తప్పు నాది కాదండీ, ఈ స్టీరియోది" అన్నది.

ఆ స్టీరియో కారుతో వచ్చింది కాదు, తర్వాత మోజుపడి బిగించింది. మొత్తం నున్నటి అద్దమే. సౌండ్ తగ్గించాలంటే వేలికి దారి చూపడానికి కన్ను కూడా వెళ్లాలి. కన్ను వెళితే రోడ్డు పోతుంది. అదే, చేత్తో తడిమి తిప్పే నాబ్‌లు ఉంటే చూడనక్కర్లేదని ఆవిడ వాదం. లెక్చరర్‌గారు ఎంత వెతికినా అందులో లోపం దొరకలేదు. అయిష్టంగానే సమ్మతించారు.

స్టీరియో మెకానిక్ ఒక పూటంతా డాష్‌బోర్డు విప్పి, తెర కింద ఒక నాబ్ బిగించాడు. స్టీరింగ్ పక్కన, ఆవిడ చేతికి మాత్రమే అందేచోట, రెండోది బిగించాడు. అమ్మగారి ఫోన్ అడిగి తీసుకుని దానితోనూ ఏదో జత కలిపాడు.

మొదటిది సౌండ్‌కు సరే, రెండోది దేనికని లెక్చరర్‌గారు విచారించారు. సరిగ్గా ఆ క్షణంలోనే మెకానిక్‌కు స్క్రూడ్రైవర్ కనబడకుండా పోయింది. సీటు కింద దూరి వెతకసాగాడు.

"బేస్‌కండీ, పాటలో లోతు కోసం" అన్నది ఆవిడ. "మీలాంటి చెవి ఉన్నవాళ్లకే తేడా తెలుస్తుందట."

ఇక తెలియకపోతే పరువేం కాను?

ఆదివారం బయల్దేరారు. పాత పాట మోగుతోంది. వీధి మలుపు తిరక్కముందే ఉపన్యాసం మొదలైంది. ఆవిడ రెండో నాబ్‌ను ఎడమకు, చివరంటా తిప్పింది.

"అదీ లోతంటే" అని లెక్చరర్‌గారు అరమోడ్పు కన్నులతో తల పంకించారు. "ఇందాకటికీ ఇప్పటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా."

ఆవిడ ముఖాన ప్రశాంతత పరుచుకుంది. పొగను చూసి నిప్పును ఊహించే శాస్త్రంలో తలపండినవారు కనుక, ఆయన ఆ ముఖాన్ని చూసి సంగీతం మహిమను ఊహించారు.

దారి పొడవునా వేలెత్తి హెచ్చరించారు. వేలు లేచినప్పుడల్లా ఆవిడ, అద్దాల్లో ముందూ వెనకా చూసుకుంటూనే, పెళ్లినాటి నుంచీ ఎరగనంత వినయంతో తల ఊపింది. కూడలిలో ఎడమకు తిప్పమన్నారు. కుడికి తిప్పింది. దారి అదే కావడంతో, తాము కుడికే చెప్పి ఉంటామని ఆయన నిర్ధారించుకున్నారు.

అసలు పరీక్ష అమ్మాయి ఇంటి ముందు ఎదురైంది. రెండు కార్ల నడుమ ఇరుకు చోటు. వెనక్కి నడిపి దూర్చాలి. ఆపమని, రమ్మని, రావద్దని, ఇంకాస్త రమ్మని, చివరికి కొట్టేశావని ప్రకటించి లెక్చరర్‌గారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. తెరిచేసరికి కారు ఒరలో కత్తిలా ఒదిగి ఉంది.

దిగి చుట్టూ ప్రదక్షిణ చేశారు. ఒక్క గీత లేదు.

"కారు అమ్మడం లేదమ్మా" అని ఎదురొచ్చిన కూతురికి తీర్పు వినిపించారు. "మీ అమ్మ ఇవాళ నా మాట అక్షరం పొల్లుపోకుండా విన్నది. ఫలితం చూడు." విజయగర్వంతో ఇంట్లోకి నడిచారు.

కూతురు కారులోకి వంగి, కొత్తగా మెరుస్తున్న రెండో నాబ్‌ను ముచ్చటపడి కుడికి గిర్రున తిప్పింది. పాట ఉన్నది ఉన్నట్టే మోగుతోంది. "ఇది పనిచెయ్యట్లేదేంటమ్మా?" అన్నది.

లోకమంతా ఒక్కసారి మీదపడ్డట్టు ఆవిడ ఉలిక్కిపడి, కూతురి చెయ్యి పట్టుకుని, గుమ్మం వైపు ఓ కన్నేసి గుసగుసలాడింది: "మెల్లగా తిప్పవే తల్లీ, అది పాటది కాదు, నా చెవి మిషన్లది."