శుక్రవారం పొగ

"ఆపండి బాబూ, ఆపండి! ఆ ఫకీర్ ఎన్‌ని నేనే!"

చివరి వరసలోంచి గళ్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన లేచి నిలబడ్డాడు. సెమినార్ హాల్లో ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగారు. వేదిక మీద మైకు పట్టుకుని మాట్లాడుతున్న వెంకటసాయికృష్ణ ఆగిపోయాడు.

సాయికృష్ణ ఆ అనకాపల్లి కాలేజీలోనే లెక్చరర్. ‘ఆన్‌లైన్‌లో ముస్లిం అస్తిత్వం’ అనే అంశం మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఇవాళ కమిటీ సరేనంటేనే థీసిస్ ఇవ్వాలి, థీసిస్ ఇస్తేనే వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుంది. యాజమాన్యం ఆ ముక్క మొహం మీదే చెప్పేసింది. థీసిస్‌కి గుండెకాయ అనదగ్గ అధ్యాయమేమో, ఫేస్‌బుక్‌లో ‘ఫకీర్ ఎన్’ అనే పేరుతో ఎవరో పెట్టే పోస్టుల మీదే నిలబడి ఉంది. ఎన్ని మెసేజీలు పెట్టినా పలకని ఆ మహానుభావుడు ఇప్పుడు తనంతట తానే ఎదురుగా నిలబడ్డాడు.

"దేవుడిలా వచ్చారు సార్!" అన్నాడు సాయికృష్ణ పొంగిపోతూ. తెర మీద ఉన్న పోస్టు చూపించాడు. ‘పైకి చల్లగానే ఉంది. లోపల మరుగుతోంది. ఏదో ఒకరోజు బయటపడక తప్పదు.’

"ఒక ముస్లిం హృదయం అణచుకున్న ఆవేదన ఇందులో ఉందని నేను రాశాను. మీరే చెప్పండి సార్, మీ హృదయంలో..."

"హృదయం ఏటి బాబూ? అది అగ్నిపర్వతం."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"నేను సబ్బవరంలో పిల్లలకి జియాలజీ సెప్తాను," అన్నాడాయన. "అండమాన్ అవతల సముద్రంలో ఓ అగ్నిపర్వతం ఉన్నాది. శాటిలైట్ ఫొటోలు సూసి, దాని సంగతేటో మా స్టూడెంట్ల కోసం పోస్టు పెడతాను. లోపల మరుగుతున్నాదంటే నిజంగా మరుగుతున్నాదనే!"

సాయికృష్ణ గబగబా కాగితాలు తిరగేశాడు. "మరి శుక్రవారం సంగతేంటి సార్? మీ పోస్టుల్లో శుక్రవారం నాడే పొగ ఎక్కువ. జుమ్మా నమాజుకీ మీ ఆవేదనకీ ఉన్న సంబంధం మీద బోల్డు పేజీలు రాశాను."

"శుక్రారం నాడే మంచి ఫొటో వత్తాది బాబూ."

"వర్షాకాలమంతా మీరు ఒక్క పోస్టూ పెట్టలేదు. దానికి ‘మౌన నిరసన’ అని పేరు పెట్టాను."

"మబ్బు పట్టేసింది బాబూ. ఏటీ కనపళ్లేదు."

ఈసారి నవ్వు హాలంతా పాకింది. ఒక్క గైడు బాబ్జీ గారు మాత్రం నవ్వలేదు, తల పట్టుకున్నారు. ఈ అధ్యాయం వద్దయ్యా, కాస్త బయటికెళ్లి మనుషులతో మాట్లాడవయ్యా అని ఆయన మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. మనవాడు ఫోన్లోంచి తల ఎత్తితే కదా!

అయితే సాయికృష్ణ అంత తేలిగ్గా చేతులెత్తేసే రకం కాదు. గుక్కెడు నీళ్లు తాగి, గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఇంకా గొప్ప విషయం సార్! ఒక ముస్లిం శాస్త్రవేత్త, మతం ఊసే ఎత్తకుండా, అగ్నిపర్వతం గురించి మాత్రమే మాట్లాడుతున్నాడు. నేనింతే, నా పనే నా గుర్తింపు అంటున్నాడు. అసలైన అస్తిత్వం ఇదే కదా! అధ్యాయం పేరు ఒక్కటి మారిస్తే చాలు."

కమిటీ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాయింటే, అన్నట్టు ఒకాయన తలూపాడు కూడా. సాయికృష్ణకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

గళ్ల చొక్కాయన మాత్రం ఇంకా కూర్చోలేదు. బుర్ర గోక్కుంటూ నిలబడే ఉన్నాడు.

"నువ్వు సెప్పింది బాగానే ఉంది గానీ బాబూ... ఎన్ అంటే నాయుడు. నా పేరు ఫకీర్‌నాయుడు. మాది ఉప్మాక. మా అమ్మకి పిల్లలు నిలవకపోతే దర్గాకి మొక్కుకున్నాది. నేను బతికేను, ఆ పేరెట్టేసింది. మా సుట్టాల్లోనే ఇంకో ఇద్దరు ఫకీర్లున్నారు."

"ఎన్ అంటే నూర్ అనుకున్నాను సార్," అన్నాడు సాయికృష్ణ నీరసంగా. "ఫుట్‌నోట్ కూడా పెట్టాను."

"ఓ మాట అడగొచ్చు కదా!"

"ఎన్ని మెసేజీలు పెట్టానండీ!"

"సలాం భాయ్, మీ గుండెలో బరువు నాతో పంచుకోండి అని రోజూ పెట్టింది నువ్వేనా? ఎవడో లోన్ యాప్ వోడనుకుని బ్లాక్ సేసేసేను."

హాలు ఘొల్లుమంది. కమిటీ పెద్దలు కళ్లజోళ్లు తీసి కళ్లు తుడుచుకున్నారు. సాయికృష్ణకి కళ్ల ముందు ఉద్యోగం, డాక్టరేటు, కాలేజీ గోడ మీద వేయించుకుందామనుకున్న ఫ్లెక్సీ అన్నీ కలిసి గంగలో కలిసిపోతున్నట్టే అనిపించింది. పాపం, నిజంగానే ఏడుపొచ్చింది. అప్పటిదాకా మాట్లాడిన పుస్తకం భాష కాస్తా ఎగిరిపోయింది.

మైకు పక్కన పడేసి, పరుగున వెళ్లి గైడుగారి రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"సార్, సచ్చేను సార్! మీరే కాయాలి. వారం రోజులు టైమిప్పించండి. అధ్యాయం మొత్తం తిరగరాసేత్తాను. నాలుగేళ్లబట్టి ఎతుకుతున్నాను, ఎదురుగా కూకుని మనసిప్పి మాట్లాడే ముస్లిం నాకు ఒక్కడంటే ఒక్కడు దొరకలేదు సార్! మీకు తెలిసినోళ్లు ఎవరైనా ఉంటే సెప్పండి, మీ కాళ్లట్టుకుంటాను!"

బాబ్జీ గారు అతని చేతులు మెల్లగా విడిపించుకున్నారు.

"నాలుగేళ్లుగా నీ థీసిస్ అట్ట మీద ‘గైడు: ఎస్. బాబ్జీ’ అని నీ చేత్తోనే రాస్తున్నావు కదా నాయనా, ఆ ఎస్ అంటే షేక్."