ఆసుపత్రి వాసన

“మా అత్తయ్యేనండీ. మేత కుమ్మరించి చంపేశారు!”

నర్సుగా పనిచేసే కోడలు, చచ్చిన నాలుగు చేపలున్న కవరును రంగుచేపల దుకాణదారు ముందు పెట్టింది. వెనకే నిలబడ్డ అత్తగారు తల వంచుకున్నారు.

దుకాణదారు కవరు విప్పి వాసన చూశాడు. “ఇది ఆసుపత్రి వాసనమ్మా! తొట్టెలో నీళ్లు వడకట్టే ఫిల్టరు స్పాంజి దేంతో కడుగుతున్నారు?”

“క్రిములు చచ్చే మందుతో. రోజూ!” గర్వంగా అంది కోడలు.

“ఇంకేం! నీళ్లలో విషాన్ని విరిచే మంచి క్రిములు ఉండేది ఆ స్పాంజిలోనే. వాటిని చంపారు, చేపలూ పోయాయి.”



“పిల్లనేమీ అనకు బాబూ,” అత్తగారు అడ్డు వచ్చారు. “మేత నేనే కాస్త ఎక్కువేశాలే.”

మొదటిరోజే “మీ చేతులు శుభ్రంగా ఉండవు, తొట్టె ముట్టుకోకండి” అని తను కసిరాక, అత్తగారు తొట్టె ఉన్న గదిలోకే రాలేదని కోడలికి అప్పుడు గుర్తొచ్చింది.