ఖాళీగా నిండిన మైదానం

“స్లాటు లేదమ్మ,” అన్నాడు వాచ్‌మన్ పోచయ్య, ఆటస్థలం గేటుకు అడ్డంగా నిలబడి.

ప్రవీణ అతని భుజం మీదుగా లోపలికి చూసింది. ఉయ్యాలలు రెండూ కదలకుండా వేలాడుతున్నాయి. జారుడుబల్ల మీద గోరింక ఒకటి కూర్చుని ఉంది. ఇంకెవరూ లేరు. ఆమె పక్కన ఎనిమిదేళ్ల జశ్వంత్ కొత్త బ్యాటు పట్టుకుని, కొత్త కళ్లజోడులోంచి ఆ గోరింకను చూస్తున్నాడు.

“ఖాళీగా ఉంది కదయ్యా!”

“ఖాళీగనే ఉన్నది. గని నిండింది.”

పోచయ్య సెల్లు తిప్పి చూపించాడు. నల్లగండ్లలోని ఆ అపార్ట్‌మెంట్లలో పిల్లలు ఆడుకోవాలంటే ముందుగా యాప్‌లో గంట బుక్ చేసుకోవాలి. గంటకు పన్నెండు మంది. ఐదు నుంచి ఆరు, పన్నెండూ ఎర్రగా ఉన్నాయి. ఆరు నుంచి ఏడు కూడా అంతే. రేపూ, ఎల్లుండీ, నెలాఖరు దాకా ఎరుపే.

“మరి వాళ్లేరీ?”

“రాలే.”

“ఎప్పుడొస్తారు?”

“వచ్చినోళ్లనైతే నేను ఇంతవరకు సూడలే.”

ప్రవీణ బి బ్లాకు నీహారికకు ఫోన్ చేసింది. “మీ పాప పేరు లిస్టులో ఉంది. రాలేదేంటి?”

“అబాకస్‌లో ఉందక్కా. తర్వాత కీబోర్డు.”

“మరి స్లాటెందుకు?”

“ఉండనీ అక్కా! అందరూ తీసుకుంటుంటే మనం ఊరుకుంటామా?”

“పోనీ, ఇవాళ్టికి మావాడి కోసం వదిలెయ్.”

“అమ్మో! వదిలితే మళ్లీ దొరుకుతుందా?”

ప్రవీణ ఫోన్ పెట్టేసింది. “చూడయ్యా, వీడికి ఆర్నెల్లలో రెండుసార్లు అద్దాలు మార్చాం. రోజూ గంటైనా ఆరుబయట ఆడించమన్నాడు కళ్ల డాక్టరు. ఇంట్లోనే కూర్చోబెడితే పవరు ఇంకా పెరుగుతుందట. కాస్త లోపలికి పంపు, నీకు పుణ్యముంటుంది.”

“నేను బాబును లోపలికి పంపితే, సెక్రటరీ సారు నన్ను బయటికి పంపుతడమ్మ. గా కెమెరా సూడు.”

గోరింక ఎగిరిపోయింది. అది ఎటు పోయిందో తెలియక జశ్వంత్ కళ్లు చికిలించి వెతుకుతున్నాడు. పోచయ్య ఆ కళ్లు చూశాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“ఆడెటోళ్లకు స్లాటు గావాలె. పని జేసెటోళ్లకు అక్కర్లే. మాలి వారం సంది వస్తలేడు, గడ్డి మోకాళ్ల దాక పెరిగింది. బాబు గడ్డి పీకుతడా?”

“వీడు గడ్డి పీకడమేంటి!”

“పీకుతా,” అన్నాడు జశ్వంత్, బ్యాటు తల్లి చేతిలో పెట్టి.

మొదటి దుబ్బును రెండు చేతులా పట్టి లాగాడు. అది వేర్లతో సహా ఊడొచ్చింది. వాడు వెల్లకిలా పడి, పడ్డచోటే నవ్వాడు. దుబ్బు కింద వానపాము. దాన్ని చూస్తుండగానే పక్కనుంచి మిడత ఎగిరింది. ఇక పీకడం ఆగిపోయింది. మిడత గోడ మీదికి, వాడు గోడ దగ్గరికి. మిడత ఉయ్యాల మీదికి, వాడు ఉయ్యాల కిందికి.

అప్పుడే సెక్రటరీ సోమేశ్వరరావు వచ్చాడు. “ఏంటి పోచయ్యా, స్లాటు లేకుండా ఆడుతున్నాడు?”

“ఆడుతలేడు సార్. గడ్డి పీకుతుండు.”

సోమేశ్వరరావు తేరిపార చూశాడు. మోచేతుల దాకా మట్టితో పిల్లాడు మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి ఉరుకుతున్నాడు.

“అది పీకడమా?”

“పీకెతందుకు మంచి గడ్డి ఏడున్నదా అని దేవులాడుతుండు సార్.”

ప్రవీణ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

“అయినా పిల్లాడికి ఇదేం పనండీ?” అన్నాడాయన.

ప్రవీణ నోరు తెరిచేలోపు పోచయ్య ఆయన చెవి దగ్గరికి వంగాడు. “కండ్లకు మంచిదట సార్. డాక్టరే చెప్పిండట. ఆకలైతదట, నిద్ర మంచిగ వడ్తదట. జర ఎవలకు చెప్పకుండ్రి. ఉన్నదే గింత గడ్డి.”

సోమేశ్వరరావు గడ్డి వైపు ఓసారి చూశాడు. తొమ్మిదో అంతస్తులో, మనవరాలు ఉండే గది కిటికీ వైపు ఓసారి చూశాడు. లిఫ్టు దాకా కూడా ఆగలేదు, నడుస్తూనే సెల్లు బయటికి తీశాడు.

“ఆయనకెందుకు చెప్పావయ్యా? ఇప్పుడు అందరికీ తెలిసిపోతుంది!”

“ఎవలకు చెప్పొద్దనే గదమ్మ చెప్పిన!”

ఆ రాత్రి జశ్వంత్ అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. కథ చెప్పమని గొడవ చేయకుండానే నిద్రపోయాడు. మర్నాడు సాయంత్రం నాలుగున్నరకే చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

కిందికి వెళ్లేసరికి పోచయ్య గేటు మూసి కూర్చుని ఉన్నాడు.

“గడ్డి పీకుడు గూడ యాప్‌ల వెట్టిండ్రమ్మ. పొద్దుగాల ఆరింటికే నెలంత నిండింది.”

ప్రవీణ ముఖం వాడిపోయింది. జశ్వంత్ ఆమె చేయి గట్టిగా పట్టుకున్నాడు.

“ఇప్పుడెలాగయ్యా?”

పోచయ్య లేచి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

“ఇంటికి ఒక్కటే స్లాటని రూలు వెట్టిండు సారు. అందరు ఆట ఇడిసిపెట్టి గడ్డి వట్టుకున్నరు. ఒట్టిగ ఆడుకునుడే అయితే, నెలంత ఖాళీ!”