కర్టిస్ హాల్బెర్గ్ గెలుచుకున్న ఊరు

"ఇంకెంత దూరం?"

కర్టిస్ హాల్బెర్గ్ ఈ మాట ఎన్నిసార్లు అడిగాడో లెక్కపెట్టడం టెస్ ఎప్పుడో మానేసింది. ఆయన ప్రచారం చూసుకునేదీ, ఆ వేళ కారు నడుపుతున్నదీ ఆమే.

"వంతెన తెగిందని పక్కదారి పట్టించారు కదండీ. ఈ మట్టిరోడ్డు ఎక్కడో ఓచోట ఊళ్ళో తేలకపోదు."

"తేలేసరికి ఎన్నికలైపోతాయి."

పొద్దుటినుంచీ ఆయన మోకాలు ఊగుతూనే ఉంది. ఫోను తీస్తాడు, జేబులో పెడతాడు, మళ్ళీ తీస్తాడు. విత్తనాలు, ఎరువులు, ధాన్యం గాదెలు అన్నీ కలిపి అయిదు రాష్ట్రాల్లో పాతుకుపోయిన కంపెనీకి ఆయన పెద్ద. అంతటివాడికి నెబ్రాస్కా గవర్నర్ కావాలని బుద్ధి పుట్టింది. మంగళవారమే పోలింగు. ఆయనా, పోటీకి నిలబడ్డ జానిస్ ప్రూయిట్టూ నువ్వా నేనా అన్నట్టున్నారు. దక్షిణం వైపు రైతులు ఎటు మొగ్గితే కుర్చీ అటు. ఆ రైతులకేమో హాల్బెర్గ్ పేరు చెబితే ఒళ్ళు మంట.

మొక్కజొన్న చేల మీదుగా ఆకాశానికి నిచ్చెన వేసినట్టు సిమెంటు గాదె ఒకటి కనబడింది. దానిమీద కంపెనీ పేరు.

"మనదే!" అన్నాడాయన ఉత్సాహంగా.

"మూయించింది కూడా మనమే. పోయినేడు రైలు పటం మీద మీరు గీత కొట్టేసిన గాదెల్లో ఇదొకటి."

"ఆ పటంలో పట్టాలు తప్ప ఊళ్ళు కనబడి చస్తేగా!" అని ఆయన టై సర్దుకున్నాడు.

ఊరికల్లా ఒకటే హోటలు. లోపల నలుగురు ముసలాళ్ళు తోలుడబ్బాలో పాచికలు గిలకొట్టి, కాఫీ ఖర్చు ఎవరిదో తేల్చుకుంటున్నారు. కర్టిస్ చెయ్యి చాచాడు.

"నేను కర్టిస్ హాల్బెర్గ్‌ని. నెబ్రాస్కా గవర్నర్ పదవికి నిలబడ్డాను. మీ ఓట్ల కోసం వచ్చాను."

పాచికల చప్పుడు ఆగిపోయింది. ముసలాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు ఆర్లో గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, అసలు సంగతేంటంటే..."

"సంగతులు తర్వాత చెబుదువుగాని ఆర్లో, నోర్ముయ్! ఆయన ఆకలిమీదున్నాడు," అని కసిరింది హోటలు నడిపే వెల్డా. మాంసం, చిక్కుడుగింజలు వేసి ఉడికించిన వేడి చిల్లీ గిన్నె, పక్కన దాల్చినచెక్క తీపిరొట్టె తెచ్చి కర్టిస్ ముందు పెట్టింది. "తినండి బాబూ. ఇన్నేళ్ళలో నెబ్రాస్కా గవర్నర్ పదవికి నిలబడ్డవాడెవడూ మా గడప తొక్కలేదు. మీరే మొదలు."

"జానిస్ ప్రూయిట్ రాలేదా?"

"ఆవిడ మా పొలిమేర కూడా చూసి ఉండదు."

కర్టిస్ మోకాలు కాస్త నెమ్మదించింది. "మరి నాకు ఓట్లు పడాలంటే ఏం చెయ్యమంటారు? అడగండి."

"అడిగేదేముంది?" అంది వెల్డా కిటికీలోంచి గాదెవైపు గడ్డం ఎగరేస్తూ. "మూసింది తెరవండి."

ఇప్పుడు ఆర్లోకి హుషారొచ్చింది. "పక్కూరి గాదె దగ్గర లారీల వరస ఎంత పొడుగో తెలుసా బాబూ? మా తమ్ముడు బ్రహ్మచారిగా వెళ్ళి వరసలో నిలబడ్డాడు. లోడు దింపేసరికి మనవణ్ణి ఎత్తుకున్నాడు!"

"మీ తమ్ముడికి పెళ్ళే కాలేదుగదరా," అన్నాడు పక్కనున్న డెల్మర్.

"అయింది, వరసలోనే. ముందు లారీ ఆవిడతో!"

అందరూ నవ్వారు. కర్టిస్ నవ్వలేకపోయాడు. లేచి కిటికీదాకా వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. 

"గెలవగానే తెరిపిస్తాను."

"గెలిచాక మీరు గవర్నరు. మేమెవరమో, మీరెవరో," అంది వెల్డా. "ఇవాళైతే కంపెనీ మీదే కదా?"

టెస్ ఆయన చొక్కా అంచు లాగింది. "ఆలోచించండి సార్. నష్టమని మూశాం."

"ఓడితే అంతకన్నా నష్టం," అని ఆయన ఫోను తీసి, అందరికీ వినబడేలా పెట్టి, ఆఫీసులో తన కింది అధికారికి గాదె పేరు చెప్పాడు. "రేపో మాపో కాదు, ఇవాళే తెరవండి. పదేళ్ళదాకా మూసే మాటెత్తొద్దు. ఊరందరి ముందూ మాటిస్తున్నాను."

అవతలాయన ఏదో గొణిగాడు. ఈయన గద్దించాడు. పాత తాళంచెవి డెల్మర్ దగ్గరే ఉంది. ఇదివరకు ఆ గాదె చూసుకున్నది అతనే. ప్లేట్లో సగం రొట్టె వదిలేసి పరిగెత్తాడు. కాసేపటికి మోటారు దగ్గి, మూలిగి, గట్టిగా తిరగడం మొదలుపెట్టింది. ఊరు ఊరంతా రోడ్డు మీదకొచ్చింది. ఆర్లో కళ్ళు తుడుచుకున్నాడు. కర్టిస్ వెల్డా వైపు తిరిగాడు.

"మరి నా సంగతి?" అన్నాడు.

వెల్డా ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. "మంగళవారం మా ఊళ్ళో జానిస్ ప్రూయిట్‌కి ఒక్క ఓటు పడిందని తెలిస్తే, ఈ హోటలు మీ పేర రాసేస్తాను బాబూ."

"నా టోపీ నమిలి మింగుతా," అన్నాడు ఆర్లో.

కారెక్కాక కర్టిస్ మోకాలు పూర్తిగా ఆగింది. "చూశావా టెస్? రైతుకి ఎదురుపడి మాట్లాడితే చాలు. ఈ ఊరు ఇక నాదే!" అని సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు.

దుమ్ము అణిగేదాకా ఊరంతా చేతులూపింది. ఆర్లో తల గోక్కున్నాడు.

"పాపం, మంచాయనలాగే ఉన్నాడే వెల్డా. చెప్పాల్సిందేమో."

"ఆయన అడిగాడా? అడిగితే చెప్పకపోదునా?" అని వెల్డా గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఊరు ఉన్నది నెబ్రాస్కాలో కాదు, పక్కనున్న కాన్సస్ రాష్ట్రంలో.