తడి ఆరని కేబుల్

“అది కాలి గోరురా, గడియారం కాదు. కాస్త తొందరగా కానీ,” అన్నాడు బావ.

పిండికట్టులోంచి తొంగిచూస్తున్న అయిదు వేళ్ళ ముందు నేల మీద చతికిలబడి గోళ్ళు కత్తిరిస్తున్నాడు బావమరిది. గడియారాలు బాగుచేసే చేతులు మరి. ఏ పనైనా వాటికి అలాగే వచ్చు.

“పెళ్ళాడింది నేను, సేవలు చేసేది వీడు!” అక్క నవ్వుతూ టీ గ్లాసులు బల్ల మీద పెట్టింది. “ఆరు వారాలుగా ఒక్క ఆదివారం మానలేదు. తమ్ముడంటే వీడేనండీ!”

ఆ మెప్పు అతనికి గోరుచుట్టులా సలిపింది. బావ కూడా ఎందుకో మొహం అటు తిప్పుకున్నాడు. అక్క సంచీ పట్టుకుని కూరగాయలకు వెళ్ళిపోయింది.

బావ బస్సు డ్రైవరు. క్లచ్ తొక్కే ఎడమకాలే రెండు చోట్ల విరిగింది. మళ్ళీ సీటెక్కగలడో లేడో రేపు కట్టు విప్పాకే చెబుతానన్నాడు డాక్టరు. ఈలోగా నిజం చెప్పకపోతే ఇక ఈ జన్మకి తన నోరు పెగలదని బావమరిదికి తెలుసు.

“బావా, నీ కాలు విరగ్గొట్టింది నేనే.”

“పిచ్చివాగుడు కట్టిపెట్టు. మలుపు నేనే చూసుకోలేదు.”

“అది కాదు. ముందురోజు సాయంత్రం బళ్ళు రెండూ కడిగింది నేను కదా...”

ఇద్దరూ ఒకేసారి కొన్న డర్ట్ బైకులవి. ఒకటే కంపెనీ, ఒకటే ఎరుపు. ముందు స్క్రూలతో బిగించిన నంబరు ప్లేటు చూస్తే తప్ప ఎవరిది ఏదో వాళ్ళకే తెలిసేది కాదు. నాలుగు బావది, తొమ్మిది అతనిది. ఏటా చలికాలంలో గుట్టల మధ్య మట్టిబాటల్లో ఇద్దరికీ పందెం. నాలుగేళ్ళుగా గెలుస్తున్నది అతనే. నాలుగేళ్ళుగా అక్క బావని ఆటపట్టిస్తూనే ఉంది.

ఆ సాయంత్రం నీళ్ళు మంచులా ఉన్నాయి. తన బండి యాక్సిలేటర్ కేబుల్ని ఊది, తుడిచి, నూనె వేశాడు. బావ బండి దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. పొద్దున చూద్దాంలే అని షెడ్డు మూసేశాడు. లోపల నలుసు కనిపిస్తే గడియారానికి మూత పెట్టని మనిషి! పొద్దున వెళ్ళేసరికి బావ అప్పటికే బళ్ళు బయటపెట్టి హెల్మెట్ తగిలించుకుని ఉన్నాడు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

“ఆ తడికి మట్టి పేరుకుని కేబుల్ బిగుసుకుపోయి ఉంటుంది బావా. యాక్సిలేటర్ వదిలినా వెనక్కి రాదు. నా బండీ ఆ రోజు మాట వినలేదు. చలికి నా వేళ్ళే పట్టు తప్పాయనుకుని మెల్లగా నడిపాను. నువ్వేమో మొదటిసారి నన్ను దాటి పోయావు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తుంటే వెక్కిరిస్తున్నావనుకున్నా. అలా తిరిగినప్పుడే మలుపొచ్చింది. బండి మాట వినుంటే ఆగేవాడివే.” బావమరిది గోళ్ళకత్తెర కింద పెట్టేశాడు. “ఆ బళ్ళ మీద టార్పాలిన్ తీసే ధైర్యం నాకింకా లేదు. నన్ను తిట్టు. అక్కకి చెప్పు.”

బావ చెయ్యి చాచి మంచం పక్కన సొరుగు లాగాడు. ప్రమాదం రోజు ఆస్పత్రిలో బావ జాకెట్ జేబులోంచి తీసిచ్చినవన్నీ అక్క అందులోనే పడేసింది. తాళాలు, జేబురుమాలు, ఒక చిన్న స్క్రూడ్రైవర్. బావ ఆ స్క్రూడ్రైవర్ తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

“కేబుల్ సంగతి నాకు తెలుసురా. నువ్వు రాకముందే తిప్పి చూశాను. తిప్పినచోటే ఉండిపోతోంది.”

“తెలిసి కూడా ఎందుకెక్కావు బావా?” బావమరిదికి ఏడుపొచ్చేసింది.

“ఒక్కసారైనా నీ మీద గెలవాలనిపించింది.” బావ స్క్రూడ్రైవర్‌ని అతని అరచేతిలో పెట్టాడు. కళ్ళు మాత్రం పైకెత్తలేదు.

“నాలుగో నంబరు ప్లేటు బిగించి ఉన్నా, నేనెక్కింది నీ బండిరా.”