అత్తగారి సాక్ష్యం

“వీడి మాట నమ్మకండి మేడమ్. మీ చెవిలో పువ్వు పెడుతున్నాడు,” అంది పెద్దావిడ.

ఆఫీసరమ్మ కళ్లజోడు పైకి నెట్టుకుంది. విడిపోయిన దంపతుల పిల్లల పోషణకి ఎవరెంత ఇవ్వాలో మళ్లీ తేల్చడం ఆమె ఉద్యోగం. టేబులుకి ఆ చివర ఏసీ మెకానిక్కు, ఈ చివర అతని మాజీ భార్య, మధ్య కుర్చీలో ఈవిడ. పాప కోసం తానిచ్చేది తగ్గించమని అతను, పెంచమని ఆమె.

“మీరు ఈ అమ్మాయి తల్లిగారా?”

“కాదండీ. వాడి తల్లిని.”

ఆఫీసరమ్మ పెన్ను ఆగిపోయింది. కొడుకుల కోసం ఆ గదిలో శోకాలు పెట్టిన తల్లులు కోకొల్లలు. కొడుకు గుట్టు విప్పే తల్లిని చూడటం ఇదే మొదలు.

“అమ్మా! నాకు సాక్ష్యం చెప్తానని కదా వచ్చావు!” మెకానిక్కు మొహం కందగడ్డయింది.

“చెప్తున్నాగా. కంపెనీ జీతం తప్ప గతి లేదంటున్నాడు కదండీ, సాయంత్రమైతే సొంతంగా ఇళ్లకెళ్లి ఏసీలు బాగుచేస్తాడు. ఎండలు ముదిరితే మనిషి దొరకడు. ఆ రాబడి జీతాన్ని మించిపోతుంది.”

కోడలి మొహం చేటంత అయింది. “మా అత్తయ్య దేవత మేడమ్! నేను విడిపోయింది ఈయనతోనే, ఆవిడతో కాదు.”

“ఉండు తల్లీ, నీ దగ్గరికే వస్తున్నా. పళ్ల డాక్టరు దగ్గర ఫోనులెత్తే ఉద్యోగమొక్కటే ఆధారమంది కదండీ ఈ అమ్మాయి? ఇంట్లో కేకులు చేసి అమ్ముతుంది. ఓవెన్ చల్లారిన రోజు లేదు.”

“అత్తయ్యా!”

“దేవతనన్నావు. అబద్ధమాడితే బాగుంటుందా?”

ఇప్పుడు మెకానిక్కు పకపకా నవ్వాడు. “చూశారా మేడమ్! కేకుల డబ్బంతా ఏమవుతోందో అడగండి. మూడో తరగతి పిల్లకి ఎంత ఖర్చవుతుంది?”

“కూతురి క్లాసు కూడా తెలీదు, ఈయనో తండ్రి! నాలుగు!” అని ఎగిరిపడింది కోడలు.

“అయిదు,” అంది పెద్దావిడ నెమ్మదిగా.

మొగుడూ పెళ్లాలుగా ఉన్నప్పుడు ఎన్నడూ కుదరనంత పొందికగా ఇద్దరూ ఒకేసారి నేలచూపులు చూశారు.

ఆఫీసరమ్మ ఏసీలూ, కేకులూ రెండూ రాసుకుంది. “సరే, ఇద్దరి అసలు ఆదాయాలూ తేలాయి. ఇక కొత్తగా లెక్క వేస్తాను.”

“వద్దులెండి మేడమ్,” అని లేచాడు మెకానిక్కు. “పాత లెక్కే ఉంచేయండి. ఇస్తాను.”

“అవునండీ, సర్దుకుపోతాం,” అంది కోడలు, అప్పుడే హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంటూ.

ఆఫీసరమ్మ తెల్లబోయింది. “ఇందాకటిదాకా జుట్లు పట్టుకున్నారు, ఇంతలోనే ఏమొచ్చింది? కూర్చోండి.” పెద్దావిడ వైపు తిరిగింది. “ఏంటమ్మా ఇది? కొడుక్కీ చెడ్డయ్యారు, కోడలికీ చెడ్డయ్యారు. మీకేం ఒరిగింది?”

పెద్దావిడ కుర్చీ టేబులు దగ్గరికి లాక్కుంది.

“ఇద్దరి వాటా నాకు రాయండి మేడమ్, పిల్ల ఏడాదిగా నా ఇంట్లోనే ఉంటోంది.”