తాడుకి ఇవతల

"ముందా చప్పట్లు ఆపండి!" అన్నాడు వాటీ గెడ్డిస్.

పక్కన నిలబడ్డ ఆవిడ ఆపలేదు. వాన టోపీ కనుబొమల దాకా లాక్కుని, తడిసిన చేతి తొడుగులతోనే ఇంకా గట్టిగా కొట్టింది.

"ఏవండీ, మీకే చెప్పేది. ఆ కొట్టింది మన పిల్ల కాదు. థాయ్‌లాండ్ పిల్ల."

"తెలుసండీ. కానీ ఎలా కొట్టిందో చూశారా?"

చూశాడు. వాటీకి మంట కూడా అందుకే. సముద్రం మీద నుంచి వచ్చే గాలికి జెండా కర్ర విల్లులా వంగిపోతోంది. తాడు వెంట నిలబడ్డ జనమంతా ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. అలాంటి గాలిలో ప్లోయ్ అనే ఆ బక్కపలచని అమ్మాయి బంతిని మనిషెత్తు కూడా లేవనివ్వకుండా, గాలి కంట పడకుండా, కింద నుంచి కింద నుంచే పంపించింది. వాటీ నలభై ఏళ్లుగా ఈ క్రెయిగ్నెస్ మైదానంలోనే గోల్ఫ్ ఆడుతున్నాడు. ఇలాంటి రోజున ఆయన ఇంట్లో కూర్చుని టీ తాగుతాడు.

బంతి, గుంతా జెండా ఉన్న నున్నటి గ్రీన్ దాకా పరుగెత్తింది. తీరా అంచున ఏదో చిన్న మిట్ట తగిలి, పక్కకి తిరిగి, లోతైన ఇసుక గోతిలోకి జారిపోయింది.

"అదీ!" వాటీ తొడ చరిచాడు. "మా మైదానమంటే అదీ!"

"అయ్యో," అంది ఆవిడ.

"అయ్యో ఏంటండీ? అసలు మీదే ఊరు?"

"ఇక్కడిదాన్నే. స్కాట్లండ్ దాన్నే."

"మాట వింటే అలాగే ఉంది. బుద్ధే అలా లేదు."

ఆవిడకి నవ్వొచ్చింది. వాటీకి రాలేదు. అది ఆఖరి గుంత. అప్పటిదాకా ఇద్దరూ సరిసమానం. స్కాట్లండ్ పిల్ల ఐలీ మెక్రే బంతి జెండాకి మంచం పొడవంత దూరంలో హాయిగా కూర్చుని ఉంది. ఇవతల ప్లోయ్ ఇసుక గోతిలోకి దిగితే ఆమె టోపీ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. గోతికి జెండా వైపున్న గోడ ఆమె కన్నా ఎత్తు.

"వెనక్కి కొట్టి బయటపడటమే. ఇంకో దారి లేదు," అన్నాడు వాటీ. "నేను పడ్డాను కదా అందులో. ఓసారి చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను."

ప్లోయ్ బయటికి ఎక్కింది. జెండా వంక చూడలేదు. గ్రీన్‌కి అవతలి కొసన ఉన్న మిట్టని చూసింది. అక్కడిదాకా నడిచి వెళ్లి, దాని వాలుని అరికాళ్లతో తడిమి, తిరిగొచ్చి మళ్లీ గోతిలోకి దిగింది. జెండాకి బాగా ఎడంగా తిరిగి నిలబడింది.

"పాపం, జెండా ఎటుందో కూడా తెలియడం లేదు పిల్లకి."

"ఉష్! మాట్లాడకండి పెద్దాయనా!"

ఇసుక చిమ్మింది. అందులోంచి బంతి లేచింది. గాలి దాన్ని ఎత్తుకుపోయి అవతలి మిట్ట మీద పడేసింది. బంతి మిట్టెక్కింది. ఎక్కి ఎక్కి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. మెల్లగా వెనక్కి తిరిగింది. బంతి తొందరపడకుండా వాలు దిగుతూ, పెద్ద వంపు తిరుగుతూ, ఐలీ బంతిని ఒరుసుకోకుండా పక్కనుంచి దాటి, గుంతలోకి దిగిపోయింది.

వాటీకి చెవులు గింగురుమన్నాయి. తన గొంతే అరుస్తోందని కాసేపటికి గాని తెలియలేదు. టోపీ ఎప్పుడెగిరిపోయిందో తెలియదు. పక్కావిడ ఆయన చెయ్యి పట్టుకుని గెంతుతోంది. ఆయనా గెంతుతున్నాడు.

"నలభై ఏళ్లండీ," అన్నాడు చివరికి. "ఆ మిట్ట అక్కడే ఉంది. మాలో ఒక్కడికీ తట్టలేదు."

ఫ్లాస్కులోంచి టీ ఒంపి ముందు ఆవిడకే ఇచ్చాడు.

అంతలో ఐలీ తన బంతి దగ్గరికి వచ్చింది. ఇది పడితేనే సమానం. ఆమె వంగగానే పక్కావిడ కళ్లు మూసుకుంది.

"చూడటానికి కూడా ఓపిక లేదా ఏం?" వాటీ పళ్లు కొరికాడు.

బంతి గుంత అంచు దాకా తిన్నగా వెళ్లింది. ఆఖరి క్షణంలో గాలి తోసింది. అంచుని తాకి, చుట్టూ తిరిగి, బయటే నిలిచిపోయింది.

అయిపోయింది. ఐలీ కాసేపు అలాగే వంగి ఉండిపోయింది. ఆ తరువాత వెళ్లి ప్లోయ్‌ని గట్టిగా వాటేసుకుంది.

పక్కావిడ కళ్లు తెరిచింది. జనం నిట్టూర్పులోనే ఆవిడకి సంగతి తెలిసిపోయినట్టుంది.

"ఇప్పుడు చల్లగా ఉందా కడుపులో?" అన్నాడు వాటీ. కోపం కన్నా దుఃఖమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "అది గొప్ప దెబ్బే, కాదనను. నేనూ అరిచాను. కానీ మన పిల్ల ఓడిపోయిందండీ. దాన్ని కన్నవాళ్లు ఏ మూల నిలబడి ఏడుస్తున్నారో!"

ఆవిడ టీ కప్పు తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

ఐలీ తాడు వైపే వస్తోంది. వాటీ జుట్టు సర్దుకుని, నాలుగు ఓదార్పు మాటలు కూడగట్టుకున్నాడు. ఆ పిల్ల ఆయన్ని చూడనే లేదు. వంగి తాడు కింద నుంచి ఇవతలికి వచ్చేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆ పిల్లే పక్కావిడ తడి చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది.

"చూశావా అమ్మా, చూశావా ఆ దెబ్బ!"